ఒంటిగది యింటి అమరిక

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన మాట సోదరీమణు లందఱు నెఱిగినదే. కాని గోడలు లేచి పైకప్పు పడినంతమాత్రమున ఇంటిపని ముగిసినదని తలంచుట పొరపాటు. కట్టుట యొక యెత్తు, లోపల నమర్చుకొనుట యొక యెత్తు. పొయ్యి యెచ్చట నుండవలెను, గోడకు గార యెప్పుడు వేయవలెను, ఏ వస్తువును లోనికి రానీయవలెను, దేనిని గడపయొద్దనే ఆపవలెను అను ప్రశ్నలకు తాపీవాడు జవాబు చెప్పలేడు. ఆ యింటిని ఊడ్చి, తుడిచి, అందు వండి వడ్డించు చేతులే చెప్పవలెను.

ఈ సంగతిని చక్కగా తెలుపునట్టి చిన్న యిల్లొకటి గలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మసాచుసెట్స్ అను రాష్ట్రమున కాంకర్డ్ అను నూరు కలదు. ఆ యూరికి మైలున్నర దూరమున, వాల్డెన్ అను చెఱువుగట్టున, 1845వ సంవత్సరములో హెన్రీ డేవిడ్ థోరో అను యువకుడు తన చేతులతో ఒంటిగది యిల్లొకటి కట్టుకొనెను. అప్పటి కతనికి ఇరువది యెనిమిదవ యేడు నడుచుచుండెను. హార్వర్డులో చదివి పట్టము పొందినవాడు. అతని తండ్రి పెన్సిళ్లు చేయించి అమ్ముచుండెను. ఇంటికి స్థల మిచ్చినవాడు అతని మిత్రుడును, ప్రసిద్ధ రచయితయు నగు ఎమర్సన్. థోరో ఆ యింట రెండేండ్ల రెండు నెలలు నివసించి, ఆ యనుభవమును 1854లో "వాల్డెన్" అను గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రంథమును తత్త్వము కొఱకు చదువువారు పెక్కుమంది కలరు. మనము నేడు దానిని ఇల్లాలి కంటితో చూతము.

ఇల్లు పదియడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు. స్తంభముల యెత్తు ఎనిమిదడుగులు. ఇరుప్రక్కల ఒక్కొక్క పెద్ద కిటికీ, ఒక కొసను తలుపు, దాని కెదురుగా ఇటుకపొయ్యి. పైన అటక, ప్రక్కను చిన్న అర, నేలక్రింద దుంపలు దాచుకొనుటకు ఆరడుగుల చదరపు కొట్టు. దూలములకు కావలసిన దేవదారు చెట్లను అతడు ఎరువు తెచ్చిన గొడ్డలితో స్వయముగా కొట్టెను. గోడల పలకల కొఱకు మాత్రము రైలుమార్గమున పనిచేయు ఒక ఐరిష్ కూలివాని గుడిసెను నాలుగు డాలరుల ఇరువదియైదు సెంట్లకు కొని తానే విప్పెను.

ఇచ్చట మన సోదరీమణులు ఒక్క నిమిష మాగవలెను. ఆ గుడిసెను చూడబోయిన నాడు ఇంటి యజమాని లేడు. ఇల్లాలే దీపము వెలిగించి లోపలి భాగము చూపెను. మట్టినేల, చీకటి, చెమ్మ. పలకలు పఱచిన నేల మంచము క్రిందివఱకును గలదని చూపించి, రెండడుగుల గోతిలో కాలు వేయవలదని ఆమె హెచ్చరించెను. ఆ యింటిలోని సామానును థోరో లెక్కపెట్టినాడు. ఒక పొయ్యి, ఒక మంచము, కూర్చుండుటకు చోటు, అచ్చటనే పుట్టిన పసిబిడ్డ, ఒక పట్టు గొడుగు, బంగారు పూత చట్రము గల అద్దము, మొక్కకు కొట్టిన క్రొత్త కాఫీమర. ఇంతే. మఱునాడు తెల్లవారుజామున ఐదు గంటలకు వారు ఖాళీ చేయవలెను. ఆరింటికి థోరో దారిలో వారి కెదురుపడునప్పటికి ఒక్క పెద్ద మూటలో వారి సంసార మంతయు నుండెను, పిల్లి తప్ప. పిల్లి అడవిలోనికి పాఱిపోయినది.

ఆ చీకటి గుడిసెలో పట్టుగొడుగును, మెఱుగు అద్దమును చూచి నవ్వుకొనువారుందురు. మనము నవ్వరాదు. నేల మట్టిదైనను, ఆ యిల్లాలు తన కంటికి చల్లన చేయు వస్తువుల నొకటి రెండింటిని నిలుపుకొన్నది. పోవునప్పుడు వానిని మూటలో పెట్టుకొనియే పోయినది. ఇంటి యమరికలో ఉపయోగ మొక్కటియే ధర్మము కాదని ఆమె మనకు చెప్పుచున్నది.

థోరో 1845 జూలై 4వ తేదీన క్రొత్త యింటిలో ప్రవేశించెను. అప్పటికి పొయ్యి లేదు, గార లేదు. పలకల సందులనుండి గాలి ధారాళముగా వచ్చుచుండెను. వేసవి గావున అది బాధగా తోపలేదు. తెల్లవాఱుజామున బయట నేలమీదనే వండుకొని, వాన వచ్చినచో మంటపై కొన్ని పలకలు అడ్డము పెట్టి రొట్టె కాల్చుకొనెడివాడు. శీతకాలము రాకముందు పొగగొట్టము కట్టుటకు పూనుకొనెను. కొన్న ఇటుకలు వేయి. అవి పాతవి, వెల నాలుగు డాలరులు. పాత ఇటుకలకు అంటిన సున్నము రాయివలె గట్టిపడియుండును. ఒక్కొక్కదానిని తాపీతో గీకి శుభ్రము చేయవలసివచ్చెను. నడుమ సందులను చెఱువుగట్టు రాళ్లతో నింపి, అచ్చటి తెల్లని యిసుకతోనే సున్నము కలిపెను. ఇంటి పనులన్నిటిలో పొయ్యి దగ్గఱనే అతడు ఎక్కువ కాలము గడపెను. ఉదయము నేలనుండి ప్రారంభించిన కట్టుబడి రాత్రికి తలగడ యెత్తు మాత్రమే లేచెడిది. పొయ్యి ఇంటికి ప్రాణమని యెఱిగిన వారికి ఆ నిదానము వింతగా తోపదు.

గార వేయుట గడ్డకట్టు చలి దినములలో జరిగెను. ముందుగా గోడలకు సన్నని చెక్కబద్దలు వరుసగా కొట్టి, వానిపై గార పట్టించుట ఆ దేశపు పద్ధతి. సున్నములో పశువుల వెండ్రుకలు కలుపుదురు. అందువలన గార బద్దలను పట్టుకొని బీటలు వాఱక నిలుచును. థోరో చెఱువు ఆవలిగట్టున నుండి మఱింత తెల్లని యిసుకను పడవలో తెచ్చెను. ఒక్కొక్క మేకును ఒక్క దెబ్బతో దిగగొట్టవలెనని, పలకమీది గారను చిందక గోడ కెక్కింపవలెనని అతని పంతము. ఆ సందర్భమున అతడొక వేడుక కథ చెప్పినాడు. ఊరిలో నొక డంబాచారి మంచి దుస్తులు వేసికొని, పనివారికి సలహాలు చెప్పుచు తిరిగెడివాడట. ఒకనాడు మాటలు చాలించి చేత చేసి చూపుదునని చొక్కాచేతులు మడిచి, తాపీ నిండ గార తీసికొని, పైకప్పువైపు ఠీవిగా విసరెను. అది కప్పున కంటుకొనక తిరిగి వచ్చి యతని గుండెల మీది కుచ్చుల చొక్కాపై పడినది. ఇంటిపనిలో చేయనివాని సలహా యెట్టిదో ఇంతకన్న బాగుగ చెప్పుట కష్టము.

గార వేయుటలో అతడు గ్రహించిన కిటు కొకటి నేటికిని పనికివచ్చును. పొడి ఇటుక మిక్కిలి దాహము గలది. గారను నున్నచేయకముందే అందలి నీటినంతయు త్రాగివేయును. ఆ పొయ్యికి ఎన్ని బిందెల నీరు పోయవలసివచ్చెనో యని అతడే ఆశ్చర్యపడెను. మన యిండ్లలో మరమ్మతు చేయించు తల్లులు గోడను ముందు బాగుగ తడిపినగాని గార పట్టదని పనివారితో పోరుట ఊరక కాదు. గార వేయకముందు పచ్చి పలకల గోడలే తన కంటికి ఎక్కువ యింపుగా నుండెననియు, గార వేసిన పిదపనే సుఖముగా నుండెననియు థోరో దాపఱికము లేక వ్రాసినాడు. చూపులకు ఇంపైనదియు, ఒంటికి హితమైనదియు ఎల్లప్పు డొకటి కావు.

మొత్తము ఖర్చు 28 డాలరుల 12½ సెంట్లు. లెక్క దమ్మిడీలతో సహా వ్రాసినాడు. రెండు పాత కిటికీలు అద్దములతో గూడ 2 డాలరుల 43 సెంట్లు, బద్దలు 1 డాలరు 25 సెంట్లు, రెండు పీపాల సున్నము 2 డాలరుల 40 సెంట్లు, వెండ్రుకలు 31 సెంట్లు, తలుపు గొళ్లెము 10 సెంట్లు, సుద్దముక్క 1 సెంటు. సున్నమునకు వెల ఎక్కువైనదనియు, వెండ్రుకలు కావలసినదానికంటె హెచ్చు కొంటిననియు ప్రక్కనే గుర్తు పెట్టినాడు. ఆ కాలమున కళాశాల విద్యార్థి ఒక గదికి ఏడాదికి ముప్పది డాలరులు అద్దె యిచ్చుచుండగా, అంతకు తక్కువతో తనకు సొంత యిల్లు ఏర్పడినదని అతని సంతోషము.

ఇక సామాను. ఒక మంచము, ఒక బల్ల, ఒక వ్రాతబల్ల, మూడు కుర్చీలు, మూడంగుళముల అద్దము, పట్టుకారు, పొయ్యిలో కట్టెల నానించు ఇనుప ఆనికలు, ఒక కెటిలు, పిడిగల గిన్నె, వేపుడు పెనము, నీళ్లు ముంచు పాత్ర, ముఖము కడుగుకొను పళ్లెము, రెండు కత్తులు, రెండు ముళ్లు, మూడు కంచములు, ఒక కప్పు, ఒక చెంచా, నూనె జాడీ, చెఱకుపాకపు జాడీ, మెఱుగుపూత దీపము. కొన్ని తాను చేసికొన్నవి. మంచము, వ్రాతబల్ల, ఒక కుర్చీ నేటికిని కాంకర్డ్ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

లేని వస్తువుల పట్టికయే మనకు ఎక్కువ పాఠము చెప్పును. కిటికీలకు తెరలు లేవు. లోపలికి తొంగిచూచువారు సూర్యచంద్రులే గదా, వెలిసిపోవుటకు తివాసి యైన లేదు గదా యని అతని వాదము. ఒక సోదరి కాళ్లు తుడుచుకొను పట్ట యొకటి యిచ్చెదననెను. దానిని పఱచుటకు చోటు లేదు, దులుపుటకు తీరిక లేదు, గడపముందటి గడ్డిమీదనే తుడుచుకొందునని చెప్పి పుచ్చుకొనలేదు. మఱియొక ముచ్చట. అందమునకై వ్రాతబల్లపై మూడు సున్నపురాతి ముక్కలు పెట్టుకొనియుండెను. వానిని దినదినము తుడువవలసివచ్చుచున్నదని కనుగొని, నా మనసులోని సామానే యింకను దుమ్ముకొట్టుకొని యుండగా వీనికి సేవ చేయుదునా యని విసుగుతో కిటికీలోనుండి పారవేసెను.

సోదరీమణులారా! ఈ మూడు రాళ్ల కథ చిన్నదిగా తోచవచ్చును. కాని ఇంటి యమరికకు మూలసూత్ర మంతయు ఇందులోనే యున్నది. ఒక వస్తువునకు వెల అంగడిలో ఒక్కసారి యిచ్చెదము. అటుపిమ్మట తుడుచుటకు, కడుగుటకు, జరుపుటకు, దాచుటకు ఇచ్చు వెల జీవిత మంతయు నిచ్చుచునే యుందుము. మొదటి వెల కొన్నవా రిత్తురు. రెండవ వెల ఇల్లాలు ఇచ్చును. సామాన్యముగ కొనువారు వేఱు, తుడుచువారు వేఱు గావున ఆ రెండవ వెల యెవ్వరి లెక్కలోను కనబడదు. థోరో యింట కొన్నవాడును, తుడిచినవాడును ఒక్కడే. కావుననే అతనికి మూడు రాళ్లు బరువైనవి. నలువది బొమ్మలున్న గాజుబీరువాను తుడుచు మన సోదరికి ఆ బరువు తోపదా? తోచును. కాని పారవేయు నధికార మామెకు లేదు.

అతడు ఇల్లు కడుగు పద్ధతి చూడుడు. నేల మాసినప్పుడు ప్రొద్దుననే లేచి, మంచము, ప్రక్కబట్టలు, బల్ల, కుర్చీలు సమస్తము బయట పచ్చికమీద పెట్టెడివాడు. నేలమీద నీరు కుమ్మరించి, చెఱువునుండి తెచ్చిన తెల్లని యిసుక చల్లి, చీపురుతో తెల్లగా తోమెడివాడు. ఊరివారు ఉదయపు ఫలాహారము ముగించునప్పటికి ఎండ తగిలి నేల ఆరిపోవుచుండెను. ఒక గంటలో ఇంటి సామానంతయు బయటికి తెచ్చి, మరల లోపల సర్దగలుగుట ఎంత స్వాతంత్ర్యము! పండుగకు ముందు మన యిండ్లలో ఎన్ని దినములు, ఎందఱి నడుములు దీనికి బలియగుచున్నవో తలంచుకొనుడు.

చిన్న యింటి కష్టములను అతడు దాచలేదు. ఆ గదిలో ఒక్కొక్కప్పుడు ఇరువదియైదు ముప్పదిమంది నిలిచియుండిరట. మాట ఘనమైనదైనప్పుడు దూరము చాలక, ఇద్దఱును తమ కుర్చీలను గోడలకు తగులువఱకు వెనుకకు జరుపుకొనెడివారు. ఒక అతిథి వచ్చినచో ఉన్నది పంచుకొనుటయే, ఇరువదిమంది వచ్చినచో భోజనము మాటయే లేదు. ఇది మన దేశమున చెల్లదు. గడప త్రొక్కినవారికి మంచినీళ్లైన నీయకుండుట మన యిల్లాండ్రకు ప్రాణసంకటము. మూడు కంచముల సంసారము ఒంటివానికి ఒప్పునుగాని, అత్తమామలు, పిల్లలు, చుట్టములు గల యింటికి ఒప్పదు. కావున అతని సామాను పట్టికను మనము కాపీ చేయనక్కఱలేదు. అతడు వేసికొన్న ప్రశ్నను గ్రహించిన చాలును.

రెండవ శీతకాలమున కట్టెలు కలిసివచ్చునని చిన్న ఇనుపపొయ్యి తెచ్చుకొనెను. వంట తేలికయయ్యెను. కాని అది చోటు ఆక్రమించి, ఇంట వాసన నింపి, మంటను కంటికి కనబడకుండ చేసినది. తనకు తోడుగా నుండిన నేస్తము పోయినట్లు అతడు విచారించెను. ఆ సందర్భముననే తాను కలగనిన యింటిని వర్ణించినాడు. అది యొక్కటే విశాలమైన గది. వంటిల్లును, కొట్టును, చావడియు నదియే. ప్రతి వస్తువును తన కొక్కెమునకు వ్రేలాడుచుండును. అతిథి లోపల కాలు పెట్టగానే తనకు వండుచున్న మంటను, ఇంటి యిల్లాలిని చూడగలుగును. బట్టలుతుకుపని గాని, ఇల్లాలు గాని అందు చాటునకు త్రోయబడరు. వంటింటిని రహస్యస్థలముగా దాచి, అతిథిని దూరముగా కూర్చుండబెట్టు మర్యాద అతనికి నచ్చలేదు.

మాట మిక్కిలి గొప్పది. అయినను ఇల్లాలి కన్ను లెక్కలపుస్తకముపై మరలక మానదు. తిండికి, బట్టలకు, దీపపు నూనెకు పైసలతో సహా లెక్క వ్రాసిన ఆ గ్రంథములోనే ఒక మాట గలదు. బట్టలుతుకుట, చిరుగులు కుట్టుట చాలవఱకు ఇంటి వెలుపల జరిగెననియు, వాని బిల్లు ఇంకను తనకు రాలేదనియు అతడే చమత్కారముగా వ్రాసినాడు. మైలున్నర దూరమున ఆ యూరిలోనే అతని తల్లియు, ఇద్దఱు అక్కచెల్లెండ్రును ఉండిరి. బట్టలుతికిన చేతులెవ్వరివో ఆ పద్దులో లేదు. ఆ బిల్లు నేటికిని ఎవ్వరును పంపలేదు. సుద్దముక్కకు ఒక సెంటు వ్రాసిన లెక్కలో ఇదొక్కటి ఖాళీగా నిలిచిపోయినది. థోరోను నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. తన చీపురు తాను పట్టిన నిజాయితీపరుని లెక్కలో సైతము స్త్రీల పని జారిపోవునెడల, చీపురు పట్టనివారి లెక్కలో అది యెంత జారునో తెలిసికొనుటకు చెప్పుచున్నాను.

మన దేశమునను దీనికి సాటి వచ్చు యొక చోటు గలదు. థోరో రాజకీయ వ్యాసమును దక్షిణాఫ్రికాలో చదివి మెచ్చుకొన్న గాంధిమహాత్ముడు, 1936లో వార్ధా చెంత సేగాఁవ్ అను పల్లెలో కాపురము పెట్టెను. అదియే తరువాత సేవాగ్రామమైనది. అచ్చట నేటికిని చూడదగిన బాపుకుటి మొదట మీరాబెన్ తనకై కట్టించుకొన్న మట్టియిల్లు. ఆమె దాని మట్టిగోడపై చెట్లను, రాట్నమును ఉబ్బెత్తుగా తన చేతులతో తీర్చినది. ఆ యలంకారము గోడలోనే కలిసియున్నది గాని బల్లపై దుమ్ము పట్టు వస్తువు కాదు. అయితే ఆ యాశ్రమమున మొదటి యింటిలో అందఱు నొకచోట నుండవలసివచ్చినందున కస్తూరిబాయి కొంత చాటు లేక యిబ్బందిపడెను. ఆమె కొఱకు జమ్నాలాల్ బజాజ్ ప్రత్యేకముగా చిన్న కుటీర మొకటి కట్టించెను. ఎంత నిరాడంబరమైన యింటియందును, ఆ యింటి స్త్రీకి తలుపు వేసికొను మూల యొకటి కావలెనని దీనివలన తెలియుచున్నది.

మన తాతలనాటి యిండ్లలో గోడలో గూళ్లు, పైన ఉట్టి, గోడవారగా దండెము, తలపైన అటక ఉండుట నేల నూడ్చుకొనుటకు వీలుగానే గదా. క్రొత్త యిల్లు కట్టువారును, ఉన్న యింటిని సర్దుకొనువారును ఏ వస్తువునైనను లోనికి తెచ్చుటకు ముందు ఇంటివా రందఱు కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొందురు గాక. దీనిని దినదినము తుడుచువారెవరు? పని ముగిసినపిదప దీని చోటెక్కడ? ఇది లేనిచో ఇంట నెవ్వరికి లోటు? మొదటి ప్రశ్నకు జవాబుగా ఎవరి పేరు వచ్చునో, కొనవలెనా వలదా యను తీర్పు వారిదే కావలెను.

ఆ చెఱువుగట్టు యిల్లు థోరో విడిచిన తరువాత చోటు మాఱి, తుదకు విప్పివేయబడెను. కట్టిన నూఱేండ్లకు, 1945లో, రోలండ్ రాబిన్స్ అను నతడు ఆ చోట త్రవ్విచూడగా పొయ్యి పునాదిరాళ్లు కనబడినవి. గోడలు పోయినవి, కిటికీలు పోయినవి. ఎక్కువ దినములు పట్టి నిదానముగా కట్టిన పొయ్యి చోటు మాత్రము నిలిచినది. ఇంటిలో మనము మొదట తలంపవలసినదియు, తుదివఱకు నిలుపుకొనవలసినదియు ఆ చోటును, దానియొద్ద కూర్చుండువారిని గాక మఱి దేనిని?